కేల్ ఆకుల చప్పుడు

అది కాదయ్యా, బాగుచెయ్యడానికొచ్చి ఆ బట్టల మిషను లోపల తల పెట్టి నువ్వేదో గొణుగుతుంటే నాకేం తెలుస్తుంది? మాట్లాడాలనుకుంటే తల బయటికి తీసి మాట్లాడు. లేదంటే నీ పని నువ్వు చేసుకో, నన్ను మాట్లాడనీ.

ఈ కాలం మనుషులందరికీ ఇదే రోగం. గొంతు పెగలదు. కూరగాయలమ్మే అతను గొణుగుతాడు. డాక్టరు గొణుగుతాడు. బ్యాంకులో అద్దం వెనక కూర్చునే అమ్మాయైతే ఉట్టి పెదాలే ఆడిస్తుంది, దాన్నే మాట అనుకోవాలి మనం. మా లాండ్రీలో ఇలా మాట్లాడి ఉంటే ఒక్క పూట పని జరిగేది కాదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ, ఏమనుకున్నావు. నా వయసంతా అక్కడే అరిగింది. అటు చివర డ్రమ్ములు తిరుగుతుంటే ఇటు చివరికి వినపడాలి మాట. అట్లా వచ్చింది నాకీ గొంతు. పుట్టుకతో వచ్చింది కాదు.

ఏమిటది, ఫిల్టరులోంచి తీశావా? ఇలా వెలుతురులోకి పట్టు. ఊఁ. ఆకే. ముద్దయిపోయింది పాపం.

కేల్ ఆకు అంటారు దాన్ని. నేనే వేశాను. దాచడం లేదు కదా, మళ్లీ ఆ చూపు దేనికి?

కానీ చూడు బాబూ, పైన ఉండే మా అపార్టుమెంటు సెక్రటరీ నిన్ను అడుగుతాడు. ఏమైందయ్యా మిషనుకి అని. అప్పుడు నువ్వు బెల్టు అరిగింది అను. అంతే, ఒక్క మాట. అబద్ధం ఆడమంటావా అని నీ మొహమే అడుగుతోందిలే. జీవితంలో నేనెవరినీ ఈ మాట అడగలేదు. మా మేనేజరు ముందు నిలబడి, ఉద్యోగం పోయినా సరే అని నిజం చెప్పినదాన్ని. ఇవాళ మాత్రం బెల్టే. బెల్టుకి పరువేం పోదు. నాకు పోతుంది.

పరువు కూడా కాదసలు. తాళం పోతుంది. అన్ని ఇళ్లవాళ్లూ బట్టలుతుక్కునే ఈ గదికి తాళం వేయించి అందరికీ తాళంచెవి ఇస్తాడట, నాకు తప్ప. ఎందుకంటే నా తర్వాత మిషనులో ఆయన తెల్ల చొక్కాలు వేసుకున్నాడు. అన్నీ పచ్చచుక్కల చొక్కాలై వచ్చాయి. నిన్న ఒకటి తొడుక్కుని నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, సాక్ష్యం చూపించినట్టు. ఏదో అన్నాడు చాలాసేపు. ఆయనా గొణుగుడు మనిషే. చెయ్యి తాళం తిప్పినట్టు తిప్పాడు కాబట్టి విషయం అర్థమైంది.

ఈ గదిలోకి నన్ను రానివ్వకపోతే మా ఇంటాయన పస్తుంటాడు. అదీ సంగతి. నవ్వకు. బట్టలుతికే మిషనుకీ మనిషి తిండికీ సంబంధం ఏమిటనే కదా. చెబుతాను. ఆ స్క్రూలు ఊడదీస్తూ విను, నీ పనేం ఆగదు.

మా ఇంటాయన ఆ లాండ్రీలోనే బాయిలరు దగ్గర పనిచేశాడు. పెళ్లికి ముందు మేం మాట్లాడుకున్నదంతా సైగలే. ఆ బాయిలరు మోతకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. మెషీను పెట్టుకోవయ్యా చెవిలో అంటే వినడు. వినపడితే కదా వినడానికి. పోనీ మనిషి మాత్రం బంగారం. ఒక్కటే వ్యసనం, చిప్స్. పొట్లంలో వచ్చేవి, నూనె కారేవి, ఉప్పు రాలేవి. సాయంత్రమైతే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని నమిలేవాడు. ఎవరో పాట పాడుతుంటే వింటున్నట్టు ఉండేది ఆ మొహం. నాకు ఒళ్లు మండేది. ఇంత ఆస్వాదన నా వంట మీద ఎప్పుడైనా చూపించావా అని అరిచేదాన్ని. తల ఊపేవాడు.

తర్వాత గుండె పట్టేసింది. ఆసుపత్రిలో పెట్టారు, మేం ఉతికిన దుప్పట్ల మీదే పడుకోబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఉప్పు వద్దు, వేపుడు వద్దు, పొట్లాలు ఇంట్లోకే రాకూడదు అన్నాడు. సరే. జావ కాచాను. కూరలు ఉడకబెట్టాను. మెత్తగా, చక్కగా. పళ్లెం ముందు పెడితే రెండు ముద్దలు తిని పక్కకి నెట్టేశాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ప్యాంటు నిలవడం లేదు బాబూ నడుం మీద. మొన్న చూపించడానికి తీసుకెళ్తే డాక్టరు బరువు చూసి పెదవి విరిచాడు. ఇంకా తగ్గితే మళ్లీ చేర్పించాలి, ముక్కులో గొట్టం వేసి పట్టాలి అని మా అమ్మాయికి చెప్పాడట. అది ఏడుస్తూ నాకు చెప్పింది.

కోపం వచ్చింది నాకు. ఇంత బతుకు బతికి తిండి దగ్గర సమ్మె చేస్తాడా? లాండ్రీలో సమ్మె నడిపిన నాకే సమ్మె నేర్పుతాడా? ఎదురుగా కూర్చుని, నీ డిమాండు ఏమిటో చెప్పు, తేల్చుకుందాం అన్నాను. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ అడిగాను.

ఆయన చెప్పాడు. ఆయన గట్టిగానే మాట్లాడతాడులే, చెవిటివాళ్లందరిలాగే. మా ఇంట్లో గొణుగుడు లేదు, అదొక్కటే అదృష్టం.

"ఒక్కొక్కటే ఆగిపోయాయే. గడియారం ఆగింది, వాన ఆగింది, నీ గొంతు ఆగింది. నమిలితే తలలోపల మోగేది ఒక్కటే మిగిలింది నాకు. అది కూడా ఆ డాక్టరు తీసుకుపోయాడు."

ఆయన చిప్స్ తినడం లేదు బాబూ ఇన్నేళ్లూ. వింటున్నాడు.

అప్పుడు ఇంకోటి కూడా తట్టింది నాకు. నా గొంతు ఆగిపోయిందా? ఎప్పుడు ఆగింది? మరి ఇన్నాళ్లూ నేను అన్న మాటలన్నీ ఎక్కడికి పోయినట్టు? ఎన్ని తిట్లు, ఎంత మంచి తిట్లు, వెతికి వెతికి ఏరుకున్నవి. అన్నిటికీ తల ఊపాడు కదా, మనిషి దారిలోకి వచ్చాడు అనుకున్నాను. అంతా గోడకి చెప్పినట్టే అయింది. సరే, పోనీ.

మా అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి ఈ ఆకు తెచ్చింది. చూడ్డానికి నలిగిన బొంత అంచులా ఉంటుంది, ముడతలు ముడతలుగా. మధ్యలో ఈనె తీసేసి, అరచేతంత ముక్కలు తుంచి, కడిగి, ఆరబెట్టి, చెంచాడు నూనె ఆకు ఆకుకీ చేత్తో రాసి, ట్రేలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, సన్నని వేడి మీద ఓవెన్లో పెట్టింది. ఉప్పు రవ్వంత, చివర్లో. ఆకులు నమలడానికి నేనేం మేకనా అని నేను ముట్టలేదు. ఆయన ముట్టాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. దవడ ఆగింది. మళ్లీ కదిలింది. కళ్లు మూసుకున్నాడు.

"వినపడుతోందే," అన్నాడు.

ట్రే ఖాళీ చేశాడు. ఆ ఊపులో జావ కూడా తాగేశాడు, ఏం తాగుతున్నాడో తెలియకుండానే.

మా అమ్మాయి ఇంకో ట్రే చేసి, డబ్బాలో పోసి మూత పెట్టి, బస్సెక్కింది. వేడి తగ్గకముందే మూత పెట్టింది. తెల్లారేసరికి మెత్తబడ్డాయి. ఆయన ఒకటి నమిలి, నావైపు చూసి, డబ్బా మెల్లగా మూసి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అదిగో, అక్కడ మొదలైంది నా పోరు. ఫోను చేసి అడిగాను ఆ పిల్లని, ఎలా చేశావే అని. ఆ ఫోను ఒక చెత్త. కొన్న కొత్తలో బాగుండేది, ఇప్పుడు దోమ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పెట్టేసి, నాకు తెలియనిదా ఆరబెట్టడం అనుకున్నాను. ఆకు కరకరలాడలేదంటే తడి ఉందన్నమాట. తడి తీయడం నా వృత్తి కదయ్యా.

తువ్వాలులో ఒత్తి చేశాను. ట్రే బయటికి తీసి, ఆకు చెవి దగ్గర పెట్టుకుని విరిచాను. చప్పుడు లేదు.

అది మా లాండ్రీ పద్ధతి. దుప్పటి ఆరిందో లేదో చేత్తో పట్టి చూసేది కొత్తగా చేరినవాళ్లు. చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, వాటికేం తెలుస్తుంది? పాతవాళ్లం రెండు కొసలూ పట్టుకుని ఒక్క దులుపు దులిపేవాళ్లం. ఆరితే ఫట్‌మంటుంది. తడి ఉంటే మూలుగుతుంది. చెవితో చూసేవాళ్లం మేం. నేను ఫట్‌మనిపించని దుప్పటి ఏ మంచం మీదికీ వెళ్లలేదు.

ఆకుకీ అదే పరీక్ష. చప్పుడు రాలేదు, ట్రే అంతా చెత్తబుట్టలో పోశాను. మెత్తటివి మళ్లీ పెడితే ఉన్న ఆశ కూడా పోతుంది ఆ మనిషికి.

తర్వాత ఫ్యాను కింద ఆరేశాను. ఆకులన్నీ మంచం కిందికి ఎగిరిపోయాయి, ఏరి తెచ్చాను. చప్పుడు లేదు. బాల్కనీలో తీగ మీద క్లిప్పులు పెట్టి ఒక్కొక్కటీ ఆరేశాను. ఎదురింటి ఆవిడ వచ్చి చాలాసేపు నిలబడి చూసింది. మీ ఇంట్లో అంత చిన్న బట్టలు ఎవరివి అని అడుగుతోందనుకున్నాను, ఏమడిగిందో. చప్పుడు లేదు. ఇస్త్రీ చేశాను. ఔను, రెండు గుడ్డల మధ్య పెట్టి ఇస్త్రీ. ఆకు గుడ్డకి అచ్చుపడింది, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. చప్పుడు మాత్రం లేదు.

ఏమిటి, మళ్లీ గొణుగుతున్నావు? రుచి చూశారా అంటున్నావా? అదేనా? ఎందుకు చూస్తాను? ఆరిందో లేదో చూడ్డానికి దుప్పటి కొరికి చూస్తానా?

అన్నట్టు ఆ వాచ్‌మన్ సంగతి చెప్పలేదు కదూ. నేను పారబోసినవి తీసుకుని తింటున్నాడు, పాపం. మొదట చెత్త సంచిలోంచి, తర్వాత గిన్నె పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకే. రోజూ సాయంత్రం వస్తాడు. నవ్వుతూ ఏదో అంటాడు, బొటనవేలు ఎత్తి చూపిస్తాడు. మెత్తబడ్డ ఆకులు తిని ఇంత సంబరపడుతున్నాడంటే ఏం ఆకలి మీదున్నాడో. జీతం సరిగ్గా ఇవ్వడం లేదేమో, ఈ సెక్రటరీని నిలదీయాలి అనుకున్నాను కూడా.

ఇంక మిగిలింది ఇదే. దిండు గలీబులో ఆకులు పోసి, మూతి ముడివేసి, ఈ మిషనులో ఉట్టి తిప్పుడు మాత్రం పెట్టాను, నీళ్లు లేకుండా. దుప్పట్లకి పనికొచ్చింది ఆకుకి పనికిరాదా? బ్రహ్మాండంగా ఆరాయి, ఓవెన్లోంచి తీసి విరిస్తే మాత్రం చప్పుడు లేదు. ఇంకాసేపు తిప్పుదామని పెడితే రెండోసారి ముడి వదులైంది. అదీ నీ చేతిలో ఉన్న ముద్ద కథ. ఊడిపోగా గలీబులో మిగిలిన ఆకులు ఫ్రిజ్‌లో దాచి ఉంచాను, అవే ఇప్పుడు ఓవెన్లో పెట్టి వచ్చాను. ఆయన పొద్దుట్నుంచీ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇవాళ పక్కా అని చెప్పాను మరి, కాగితం మీద రాసి. ఇవి కూడా పలకకపోతే గొట్టమే ఆయనకి.

ఎందుకలా చెయ్యి ఊపుతున్నావు? చెయ్యి కడుక్కోవాలా? కుళాయి బయట ఉంది.

ఏమిటి, వరండా అవతల మా ఇంటి వైపా? ఏముంది అక్కడ? గంటా? ఏ గంట? ఓవెన్ గంటా? అది మోగదయ్యా. మా అమ్మాయి ఉన్నన్నాళ్లూ మోగిందట, అది వెళ్లిన మర్నాడే చెడిపోయింది. వాసన చూసే తీస్తాను నేను. నీకెలా వినపడుతుంది, ఇంత దూరం... ఉండు, ఉండు. నిజమే, అంచులు మాడే వాసనలా ఉంది. ఇప్పుడే వస్తాను.

ఇదిగో, తెచ్చాను. సమయానికే చెప్పావు. ఇంకొంచెం ఆగితే బొగ్గే. ట్రే ఇక్కడ బట్టల బల్ల మీద పెడతాను, చల్లారనీ. ఆయన అక్కణ్ణుంచి మెడ సాచి చూస్తున్నాడు, ఏం పట్టుకుపోతున్నావే అని.

చూడు, రంగు బాగుంది. ఇదిగో, విరుస్తున్నాను. చెవి దగ్గర పెట్టి విరుస్తున్నాను.

లేదు. ఇవీ మూగవే.

ఏం చెయ్యను చెప్పు? తిప్పి తిప్పి మిషను పాడుచేశాను, సెక్రటరీ చొక్కాలు పాడుచేశాను, ఒక్క ఆకుతో పలికించలేకపోయాను. ఎంత పెద్ద మేనేజరుతోనైనా పలికించినదాన్ని నేను.

నువ్వు తింటావా? తిను. నీ ఇష్టం. వాచ్‌మన్‌కి తోడు నువ్వొకడివి.

ఎందుకు తల ఊపుతున్నావు అంతలా? బాగుందా? కరకరా? ఊరుకో బాబూ. పెద్దదాన్ని మెప్పించడానికి అబద్ధాలు చెప్పకు. నువ్వు నములుతుంటే నాకు కనపడుతూనే ఉంది కదా దవడ. వినపడాలి కదా మరి. ఇంకోటి వేసుకో. నమలు. గట్టిగా నమలు. ఏదీ?

ఆగు. నా చెవి దగ్గరికి వచ్చి విరుస్తావా? విరువు. ఆఁ, విరువు.

విరిచేశావా?

ముక్కలైంది. నీ వేళ్లలో పొడి పొడిగా ఉంది. తడి ఉన్న ఆకు అలా పొడి కాదు. సాగుతుంది.

నాకెందుకు ఇస్తున్నావు? నేను తిననని చెప్పాను కదా. సరే. సరేలే, అలా నోటి దాకా పట్టుకొస్తే ఏం చేస్తాను, ఇటివ్వు.

...

ఇంకోటి ఇవ్వు.

మోగుతోంది. బయట కాదు బాబూ, లోపల. దవడ కింద, చెవుల వెనక. కరకర, కరకర. ఎవరో ఎండిన ఆకుల మీద నడిచి వస్తున్నట్టుంది.

అంటే అన్నీ పలికాయి. నేను చెత్తలో పోసినవన్నీ. ఇస్త్రీ చేసినవి కూడా. ఆ వాచ్‌మన్ బొటనవేలు ఎత్తి రోజూ ఆ మాటే చెబుతున్నాడు కాబోలు, చక్కగా నోరారా. ఆ గంటా మోగుతూనే ఉంది. ఫోనూ మంచిదే. అయ్యో, బ్యాంకు పిల్లని ఎన్నెన్ని అనుకున్నాను. టీవీ మోత తగ్గించండని కింద మీద ఇళ్లవాళ్లు వస్తే, ఆయన కోసం పెట్టాను, చెవిటి మనిషి అని చెప్పి పంపేశాను. ఆయన అప్పటికి నిద్రలో ఉండేవాడు.

సమ్మెలో ఫ్యాన్లు అడిగాం. తాగడానికి చల్లటి నీళ్లు అడిగాం. కూర్చోడానికి బల్లలు అడిగాం, కొట్లాడి తెచ్చుకున్నాం కూడా. చెవులు అడగాలని ఎవ్వరికీ తట్టలేదు. ఆ మోతలో అడిగినా ఎవడికి వినపడేదిలే.

సరే, లే. నీ పని కానివ్వు. సెక్రటరీ అడిగితే బెల్టు అనకు. ఆకే అని చెప్పు, నేనే వేశానని చెప్పు. తాళం వేసుకుంటే వేసుకోనీ. తువ్వాలుతో ఒత్తితే చాలు ఈ ఆకుకి, మిషను అక్కర్లేదు. ఆ చొక్కాలు తెచ్చిమ్మను, ఆ చుక్కలు పోగొట్టే విద్య నాకు తెలుసు. నాకేదైనా చెప్పాల్సి వస్తే మాత్రం కాస్త ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా చెప్పమను.

ఈ ట్రే నేను తీసుకెళ్తున్నాను. చల్లారి మెత్తబడకముందే ఆయన చేతికి ఇవ్వాలి. అదిగో, లేచి నిలబడ్డాడు చూడు, ప్యాంటు పట్టుకుని. నీ కోసం నాలుగు ఇక్కడ వదిలాను, ఆ వాచ్‌మన్‌కి కూడా ఒకటి పెట్టు.

ఒక్క మాట బాబూ. నా చెవుల సంగతి మా ఇంటాయన దగ్గర ఎత్తకు. ఇన్నేళ్లూ చెవిటి మాలోకం అని ఆయన్ని ఎన్ని అన్నానో నాకు తెలుసు. తెలిసిందంటే ఇంక నన్ను బతకనివ్వడు, నాకు ఒట్టేసి చెప్పు.

నా పిచ్చి గానీ, నువ్వు చెప్పినా ఆయనకి వినపడి చస్తుందా ఏమిటి.